మాంసం బాతులకు ఏ షెడ్డు లాభం? మూడు రకాలూ చేసి చూశాక నా లెక్క

"బాతులకి షెడ్డు ఎలా వేయాలి తమ్ముడూ" అని చాలామంది అడుగుతున్నారు. మా గోదావరి జిల్లాలో నేను మూడు రకాలుగా పెంచి చూశాను. షెడ్లు వీడియోలో చూడండి, లెక్క ఇక్కడ చెప్తాను.

1. నేల మీద ఊక పరిచి, పూర్తిగా షెడ్డులోనే
పెద్ద బాతుకి 4–5 చదరపు అడుగులు కావాలి. చవక కదా అని నేనూ ఇలాగే మొదలుపెట్టాను. కానీ బాతు కోడి కాదండీ. ముక్కు ముంచి నీళ్లు చిమ్ముతుంది, రెట్ట కూడా పల్చన. నాలుగు రోజులకే ఊక ముద్దయిపోయింది, షెడ్డులో ఘాటుకి కళ్లు మండేవి. అమ్మ దాచుకున్న డబ్బుతో తెచ్చిన 200 పిల్లల్లో 30 దాకా పోయాయి. ఊక మార్చే కూలి కూడా కలిపితే చవక షెడ్డే ఖరీదైంది.

2. ఎత్తు మీద వెదురు బద్దల నేల
రెట్ట, నీళ్లు కిందికి పోతాయి. బాతులు పొడిగా ఉంటాయి, కింద ఎరువు మిగులుతుంది. బద్దల అంచులు నున్నగా చెక్కాలి, లేకపోతే కాళ్లకి పుండ్లు పడతాయి. మొదటి పెట్టుబడి ఎక్కువ. పైగా దాణా మొత్తం మనమే పెట్టాలి. వైట్ పెకిన్ 6–7 వారాల్లో 2 కిలోలు దాటుతుంది, కానీ కిలో బరువుకి రెండున్నర కిలోల దాణా దాకా తింటుంది.

3. రాత్రి షెడ్డు, పగలు ఆరుబయట
షెడ్డులో 3 చదరపు అడుగులు, బయట 10–15 ఉంటే చాలు. మొదటి మూడు వారాలు పిల్లల్ని వెచ్చగా లోపలే ఉంచాలి. నీళ్ల తొట్టి బయట పెట్టాను, ఆ నీళ్లు అరటికి పోతాయి. నత్తలు, పురుగులు, అజొల్లా తింటాయి కాబట్టి దాణా కొంత తగ్గింది. అలాగని మేత మీదే వదిలేస్తే బరువు రాదు, సాయంత్రం దాణా తప్పదు. వరి నాట్లు నిలదొక్కుకున్నాక చేలో వదలొచ్చు, వెన్ను తొంగిచూసేలోపు బయటికి తీయాలి. పురుగుమందు కొట్టిన పక్క చేలోకి మాత్రం పోనివ్వకండి. చీకటి పడేలోపు తలుపు వేయకపోతే కుక్కలు వదలవు.

నా మాట: పొలం ఉన్న ప్రకృతి రైతుకి మూడోది. స్థలం తక్కువై, ప్రతి వారం హోటళ్లకి ఒకే బరువు ఇవ్వాలంటే రెండోది. మొదటిదే చేయాలంటే నీళ్ల తొట్టి మాత్రం ఊక మీద పెట్టకండి.

ఏ షెడ్డయినా బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క పెట్టొద్దు. ఆ విషం బాతులు అస్సలు తట్టుకోలేవు. ముందు 50 పిల్లలతో మొదలుపెట్టండి. నాలాగా 200తో నేర్చుకోవద్దు.