చచ్చిన కూలీల లెక్క అడిగితే...

పార్లమెంటులో ప్రశ్నలు రెండు రకాలు. చుక్క గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాలి. చెప్పింది చాలకపోతే సభ్యులు అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు వేసి నిలదీయవచ్చు. చుక్క లేని ప్రశ్నకు కాగితం మీద జవాబొస్తుంది, అంతటితో సరి.

2020 సెప్టెంబరు 14న మొదలైన సమావేశాల్లో కరోనా పేరు చెప్పి ప్రశ్నోత్తరాల గంటనే ఎత్తేశారు. మిగిలింది కాగితం జవాబులే. మొదటి రోజునే సభ్యులు అడిగారు: లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కూలీలు చనిపోయారు, వారి కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని. అటువంటి లెక్కలు లేవు, కాబట్టి పరిహారం ప్రశ్నే ఉత్పన్నం కాదని కార్మిక మంత్రి సంతోష్ గంగ్వార్ రాసిచ్చారు. ఎంత తేలిక! ఇళ్లకు తిరిగెళ్లినవారు కోటి నాలుగు లక్షల పైచిలుకని మాత్రం అదే శాఖ లెక్క కట్టింది. ఇల్లు చేరినవాళ్లను లెక్కపెట్టినోళ్లకు దారిలో కూలినవాళ్లు కనబడలేదా?

మే 8న ఔరంగాబాదు దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మందిని గూడ్సుబండి తొక్కేసింది. అంతకుముందు ఏప్రిల్‌లో, మన ములుగు జిల్లా మిరప చేలల్లో పనికొచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ పిల్ల ఛత్తీస్‌గఢ్‌కు నడిచిపోతూ, సొంతూరు ఇంకాస్త దూరముందనగా ప్రాణం వదిలింది. ఇవన్నీ పత్రికల్లో వచ్చినవే.

నాలుగు రోజులకు రాజ్యసభలో డెరెక్ ఓబ్రయన్ ప్రశ్నకు రైల్వే మంత్రి పీయూష్ గోయల్ జవాబిచ్చారు: శ్రామిక్ రైళ్లలో సెప్టెంబరు 9 దాకా 97 మంది చనిపోయారు. ఒక శాఖకు తెలిసింది ఇంకో శాఖకు తెలియలేదన్నమాట! "మరి ఈ 97 మంది సంగతేంటి?" అని కార్మిక మంత్రిని సభలో నిలబెట్టి అనుబంధ ప్రశ్న వేసే వీలు లేకపోయింది, ఆ గంటే లేదు గనక.