బోర్డు మారినా.. నమ్మకం చెదరకూడదు

- ఆరోగ్య కేంద్రాలకు కొత్త పేరు పెట్టే ముందు ప్రణాళిక తప్పనిసరి
- ట్రేడ్‌మార్కు మొదలు క్యూఆర్ స్టిక్కరు వరకు మార్చవలసినవెన్నో
- శతాబ్దం దాటిన అమృతాంజనం చెప్పే పాఠం

మఠంపల్లి: మూలికల దుకాణం, యోగా తరగతులు, వ్యాయామశాల, ఫిజియోథెరపీ కేంద్రం.. పేరు ఏదైనా పల్లెల్లో ఈ వ్యాపారాలు నడిచేది నమ్మకం మీదే. సిమెంటు కర్మాగారంలో పనిచేసి నడుము పట్టేసిన కార్మికుడైనా, నాట్లు వేసి మోకాళ్ల నొప్పులతో వచ్చిన కూలీ అయినా ‘ఫలానా వారి దగ్గర నయమైంది’ అన్న మాట విని వచ్చేవారే. తండ్రి ప్రారంభించిన దుకాణం కొడుకు చేతికి వచ్చినప్పుడు, చిన్న గది నుంచి పెద్ద భవనంలోకి మారినప్పుడు, సేవలు పెరిగినప్పుడు పేరు మార్చాలన్న ఆలోచన సహజం. దీన్నే వ్యాపార పరిభాషలో ‘రీబ్రాండింగ్’ అంటున్నారు. అయితే తగిన ఏర్పాట్లు లేకుండా బోర్డు మార్చేస్తే కొత్తవారు రాకపోగా, పాతవారు దుకాణం చేతులు మారిందనుకుని వెనుదిరిగే ప్రమాదం ఉంది.

పేరు మార్పు మనకు కొత్త కాదు

పేరు మారితే ఎన్ని కాగితాలు మారాలో ఈ ప్రాంత వ్యాపారులకు అనుభవమే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు దుకాణాల బోర్డులు, బిల్లు పుస్తకాలు, రబ్బరు స్టాంపులపై ‘నల్గొండ జిల్లా’ స్థానంలో ‘సూర్యాపేట జిల్లా’ వచ్చి చేరింది. వాహనాలపై ఏపీ 24 పోయి టీఎస్ 05, అటు తర్వాత టీఎస్ 29 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ అక్షరాలు ఇస్తున్నారు. పాత బండ్లు మాత్రం పాత అక్షరాలతోనే తిరుగుతున్నాయి. పాతది, కొత్తది కొంతకాలం పక్కపక్కన నడిచినందునే ఎవరికీ ఇబ్బంది కలగలేదు. వ్యాపారం పేరు మార్పులోనూ ఈ పద్ధతే శ్రేయస్కరం.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల విషయమూ గమనించదగినదే. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కేంద్రాలకు 2023 నవంబరులో కేంద్రం ‘ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్’ అని పేరు పెట్టింది. తెలంగాణలో ‘పల్లె దవాఖానా’ అన్న పేరూ వాడుకలో ఉంది. అయినా పల్లె జనం నోట నేటికీ ఎక్కువగా వినిపించేది ‘సబ్‌సెంటర్’ మాటే. గోడపై రంగు ఒక్కరోజులో మారుతుంది కానీ, నోటి మాట మారడానికి ఏళ్లు పడుతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

సీసా మీద పేరు మారలేదు

కృష్ణా జిల్లాకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీని ప్రారంభించారు. దానిపై వచ్చిన ఆదాయంతోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువరించారు. 1936లో పబ్లిక్ కంపెనీగా మారిన అమృతాంజన్ లిమిటెడ్, 2007లో ‘అమృతాంజన్ హెల్త్‌కేర్ లిమిటెడ్’ అయింది. తలనొప్పి మందుకే పరిమితం కాకుండా శానిటరీ ప్యాడ్లు, పానీయాల వంటి వాటిలోకీ ఆ సంస్థ అడుగుపెట్టింది. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. కంపెనీ పేరుకు ఒక మాట చేరింది కానీ, మూడు తరాలు ఎరిగిన ‘అమృతాంజనం’ పోలేదు. 1930లో మొదలైన హిమాలయ డ్రగ్ కంపెనీ సైతం ‘హిమాలయ వెల్‌నెస్ కంపెనీ’గా మారినప్పుడు ‘హిమాలయ’ను వదులుకోలేదు. జనం నాలుకపై ఉన్న మాటను ఉంచి, పక్క మాటను మార్చడమే ఈ రెండు సంస్థలూ చేసిన పని. ఊళ్లో ‘ఫలానా వైద్యుని దుకాణం’గా పేరొందిన చోట ఆ ఇంటి పేరును కొత్త బోర్డుపైనా ఉంచడం మేలు.

పేరు ఖాళీగా ఉందా?

కొత్త పేరు నచ్చిన వెంటనే బోర్డు రాయించడం సరికాదు. అదే పేరు మరొకరు వాడుతున్నారేమో ముందుగా చూసుకోవాలి. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ని ‘గ్లో అండ్ లవ్లీ’గా మార్చి, పురుషుల క్రీముకు ‘గ్లో అండ్ హ్యాండ్సమ్’ పేరు ప్రకటించగా, దాదాపు అదే పేరుపై ఇమామీ సంస్థతో వివాదం తలెత్తి బొంబాయి హైకోర్టు వరకు వెళ్లింది. అంత పెద్ద సంస్థలకే తప్పని చిక్కు చిన్న వ్యాపారికి ఎదురైతే తట్టుకోవడం కష్టం.

ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో పేర్లను ఉచితంగా వెతకవచ్చు. మందులు 5వ తరగతి, సౌందర్య సాధనాలు 3, యోగా శిక్షణ 41, ఆరోగ్య సేవలు 44వ తరగతి కిందకు వస్తాయి. వ్యక్తులు, చిన్న సంస్థలు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి రూ.4,500 రుసుము. పేరు జర్నల్‌లో ప్రచురితమయ్యాక 4 నెలల్లోగా ఎవరైనా అభ్యంతరం తెలపవచ్చు. నమోదైతే 10 ఏళ్లు చెల్లుతుంది. ఆపై పునరుద్ధరించుకోవచ్చు. ‘ఆయుర్వేద’, ‘ఆరోగ్య’ వంటి సాధారణ పదాలు మాత్రమే ఉన్న పేరుకు నమోదు లభించడం కష్టం. నమోదు లేకున్నా ముందు నుంచి వాడుకలో ఉన్నవారి హక్కును చట్టం గుర్తిస్తుంది. కనుక పాత బిల్లులు, కరపత్రాలు పారవేయకుండా భద్రపరచుకోవాలి.

కాగితాల పని ఇదీ..

జీఎస్టీ నమోదు ఉన్నవారు వ్యాపార నామం మార్పును 15 రోజుల్లోగా పోర్టల్‌లో తెలియజేయాలి. గ్రామ పంచాయతీ వ్యాపార అనుమతి, ఉద్యమ్ నమోదు, బ్యాంకు కరెంటు ఖాతాల్లోనూ సవరణ అవసరం. చికిత్స అందించే కేంద్రాలు జిల్లా వైద్య, ఆరోగ్యశాఖ వద్ద ఉన్న నమోదును సరిచూసుకోవాలి. ఆయుర్వేద మందులు సొంతంగా తయారుచేసేవారు లైసెన్సులో ఉన్న పేరునే లేబుల్‌పై ముద్రించాలి. అనుమతి రాకముందే కొత్త లేబుళ్లు అచ్చు వేయిస్తే నష్టపోక తప్పదు.

క్యూఆర్ స్టిక్కరును చాలామంది మరచిపోతారు. బోర్డుపై ఒక పేరుండి, ఫోనులో మరో పేరు కనిపిస్తే డబ్బులు పంపేవారికి అనుమానం కలుగుతుంది. గూగుల్ మ్యాపులో కొత్తగా నమోదు చేయకుండా ఉన్నదానిలోనే పేరు సవరిస్తే పాత అభిప్రాయాలు నిలుస్తాయి. ఫోను నంబరు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చకూడదు.

వ్యాయామశాలలు, యోగా కేంద్రాల సేవలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ లేదు. అంటే బోర్డుకు, ముద్రణకు చెల్లించే పన్ను సొంత ఖర్చే అవుతుంది. బడ్జెట్ వేసుకునేటప్పుడు దీన్ని కలుపుకోవాలి.

ప్రకటనల్లో జాగ్రత్త

ప్రారంభోత్సవ కరపత్రాల్లో ‘మధుమేహం మాయం’, ‘పక్షవాతానికి గ్యారంటీ వైద్యం’ అని రాయడం పల్లెల్లో పరిపాటి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మధుమేహం, క్యాన్సర్, రక్తపోటు, పక్షవాతం, కీళ్లవాతం, స్థూలకాయం సహా పలు వ్యాధులను నయం చేస్తామంటూ మందుల ప్రకటనలివ్వడాన్ని నిషేధించింది. కొత్త పేరుతో తొలిరోజే చిక్కుల్లో పడకుండా అందించే సేవ, వేళలు, ధర, సిబ్బంది అర్హతలు మాత్రమే రాయడం మంచిది. ఇలాంటి ప్రకటనలు నమ్మి, వాడుతున్న మందులు మానేసే రోగుల ప్రాణాలకే ముప్పు.

ఎప్పుడు ప్రారంభించాలి?

ఆషాఢం, మూఢాల్లో శుభకార్యాలు తలపెట్టరు. ధాన్యం అమ్మి రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలం వ్యాపారానికి అనువైనది. వైశాఖంలో మట్టపల్లి శ్రీలక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి భక్తులు తరలివస్తారు. ఆరోగ్యం కోరి కృష్ణలో స్నానమాచరించి ప్రదక్షిణలు చేసే క్షేత్రం కావడంతో ఆ రోజుల్లో ఉచిత పరీక్షలు, మంచినీటి ఏర్పాటుతో పేరు నలుగురికీ చేరుతుంది.

ఇవి మరువొద్దు

- పేరు ఖరారుకు ముందు పాత ఖాతాదారులను అడిగి చూడాలి. వృద్ధులు తేలిగ్గా పలకలేని పేరు పెట్టకూడదు.
- కనీసం 6 నెలలు బోర్డుపై కొత్త పేరు కింద ‘పూర్వపు పేరు’ రాయించాలి.
- పాత పేరుతో తీసుకున్న చందాలు, ప్యాకేజీలు గడువు తీరేవరకు చెల్లుతాయని రాతపూర్వకంగా ప్రకటించాలి.
- సిబ్బందికి ముందుగా చెప్పాలి. ‘ఎందుకు మార్చారు’ అన్న ప్రశ్నకు అందరూ ఒకే సమాధానం ఇవ్వాలి.
- పేరుతోపాటు ధరలు పెంచితే మార్పు అందుకేనన్న అపవాదు వస్తుంది. ఆ రెండింటి మధ్య వ్యవధి ఉండాలి.