వేడి మీద మొరాయించే ట్రాక్టరు
పంపు విప్పే ముందు ఇవి చూసుకోండి

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకున్న ట్రాక్టరు, మధ్యాహ్నం గట్టున ఆపి అన్నం తినొచ్చేసరికి మొరాయిస్తుంది. ఎంత సెల్ఫ్ కొట్టినా పలకదు. పలికినా కాసేపు కొట్టుకుంటూ, పొగ వదులుతూ నడుస్తుంది. చల్లబడ్డాక మళ్లీ మామూలే. దుక్కుల రోజుల్లో ఇలా జరిగితే రైతు కంగారుపడి డీజిల్ పంపు విప్పించి టౌనుకు పంపుతాడు. అది తిరిగొచ్చేదాకా నేలలో పదును ఆగదు కదా! తీరా చూస్తే లోపం టాంకు మూతలోనో, బ్యాటరీ తీగలోనో ఉండొచ్చు. అందుకే తేలికైన వాటి నుంచి వరసగా చూసుకుంటూ రావాలి.

సెల్ఫ్ జోరు

వేడి మీద సెల్ఫ్ మందంగా తిరుగుతుంటే ముందు బ్యాటరీ టెర్మినళ్ల చిలుము గీకి బిగించాలి. ఎర్త్ తీగ ఛాసిస్‌కు గట్టిగా పట్టిందో లేదో చూడాలి. సెల్ఫ్ ఒకసారికి 10 సెకన్లకు మించి కొట్టకూడదు. మధ్యలో నిమిషమైనా ఆగాలి.

పొగ వస్తోందా?

సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా సైలెన్సరు నుంచి పొగ రాకపోతే డీజిల్ అందడం లేదన్నమాట. టాంకు మూత వదులు చేయండి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతకున్న సన్నటి రంధ్రం దుమ్ముతో పూడుకుపోయినట్టే. దాన్ని శుభ్రం చేస్తే సరిపోతుంది. తర్వాత ఫిల్టరు చూడాలి. లైనులో గాలి పట్టే లోపమైతే చాలావరకు పొద్దునపూట కూడా ఇబ్బంది పెడుతుంది. వేడి మీద మాత్రమే వస్తుంటే పంపును అనుమానించాలి.

తడిగుడ్డ పరీక్ష

రోటరీ పంపు లోపలి భాగాలు అరిగితే, వేడికి పలచబడిన డీజిల్ ఆ సందుల్లోంచి జారిపోతుంది. సెల్ఫ్ వేగానికి నాజిళ్లకు చాలినంత ప్రెషరు రాదు. ఇంజను ఆపి, పంపు మీద తడిగుడ్డ కప్పి 10, 15 నిమిషాలు ఉంచండి. ఆ వెంటనే అందుకుంటే పంపు అరిగిందని అనుకోవచ్చు. అప్పుడే దాన్ని టెస్టింగ్ బెంచికి పంపాలి. కొందరు తొందరపడి బిందెతో నీళ్లు కుమ్మరిస్తారు. అది ప్రమాదం. వేడి పంపు ఒక్కసారిగా ముడుచుకుని పట్టేసే అవకాశం ఉంది.

పొగ వచ్చినా కొట్టుకుంటుంటే

పొగ బాగానే వస్తూ, స్టార్టయ్యాక ఒక సిలిండరు తప్పుతుంటే నాజిలు కారుతుండవచ్చు. లేదా ట్యాపెట్లు బిగువుగా ఉండి, వేడికి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ తగ్గుతుండవచ్చు. ట్యాపెట్ల సందు ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన కొలతకే పెట్టించాలి. నాజిళ్లు మెకానిక్ చేతనే పరీక్ష చేయించాలి. పైపులోంచి చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. అలాంటి వాటిలో కామన్ రైల్ పద్ధతి ఉంటే పైపుల మీద సొంతంగా చెయ్యి వేయవద్దు.

మెకానిక్ వచ్చినప్పుడు సెల్ఫ్ ఎలా తిరిగింది, పొగ వచ్చిందా, మూత తీస్తే ఏమైంది, తడిగుడ్డకు లొంగిందా అన్న నాలుగు సంగతులూ చెప్పండి. సగం పని అక్కడే అయిపోతుంది. అనవసరంగా పంపు విప్పే ఖర్చూ తప్పుతుంది.