వైర్‌లెస్‌లో మాట స్పష్టంగా వినబడాలంటే

2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను ముంచెత్తింది. ఆ సమయానికి హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ గారు తమ బృందంతో పోర్ట్‌బ్లెయిర్‌లో హామ్ రేడియో నడుపుతున్నారు. ఆత్మీయుల క్షేమసమాచారాలు ఆ రేడియో ద్వారా సముద్రం దాటి వచ్చాయి. అటువంటి వేళ ఒక పేరు తప్పుగా వినబడితే ఏమవుతుందో ఆలోచించండి! ఇరువైపులా మాట్లాడుకునే రేడియోలో ‘కంప్రెషన్’ అనే సదుపాయం ఉంటుంది. దానిని ఎంతవరకు వాడాలో ఈ నెల తెలుసుకుందాము.

కంప్రెషన్ అంటే కంప్యూటరులో పాటల ఫైలును చిన్నది చేయడం అనుకోకండి. అది వేరు. ఇక్కడ సంగతి మన స్వరంలోని హెచ్చుతగ్గులు. “కాలు” అనండి, “పాలు” అనండి. ‘ఆ’ అనే ధ్వని బలంగా వస్తుంది. తేడా చూపించే క, ప అనే శబ్దాలు మాత్రం క్షణకాలమే, బలహీనంగా వస్తాయి. రేడియో హోరులో ముందుగా మునిగిపోయేవి అవే. షార్ట్‌వేవ్‌లో వాడే ఎస్‌ఎస్‌బి పద్ధతిలో 100 వాట్ల సెట్టు, మీ స్వరం మిక్కిలి హెచ్చిన క్షణాల్లోనే 100 వాట్లు ఇస్తుంది. మిగతా సమయంలో అంతకంటే ఎంతో తక్కువ. కంప్రెసర్ ఆ హెచ్చును అణచి, తగ్గిన వాటిని పైకి లేపుతుంది. సగటు శక్తి 3 డెసిబెల్స్ పెరిగితే రెండింతలైనట్లే.

అయితే మీ మాటకూ గదిలోని ఫ్యానుకూ భేదం ఆ యంత్రానికి తెలియదు. మీరు ఊపిరి తీసుకునే విరామంలో ఫ్యాను, కుక్క అరుపు, పక్కింటి టీవీ అన్నీ ప్రసారమవుతాయి.

కనుక మొదట కంప్రెసర్ ఆపివేయండి. ఏఎల్‌సి మీటరు ముల్లు హద్దు దాటకుండా మైకు గెయిన్ సరిచేయండి. ఆ తరువాత కంప్రెసర్ వేసి, గట్టిగా పలికినప్పుడు దాని మీటరు 5 నుండి 10 డెసిబెల్స్ మధ్య ఉండేలా చూడండి. నా మట్టుకు 6 చాలు. మాటకూ మాటకూ మధ్య పవర్ మీటరు ముల్లు కిందికి దిగాలి. దిగడం లేదా? అయితే మీరు గదిని ప్రసారం చేస్తున్నారన్నమాట!

ఇంకొక పరీక్ష ఉంది. అవతలి స్టేషనువారికి పది అంకెలు, ఐదు ఊళ్ళ పేర్లు చదవండి. ఒకసారి కంప్రెసర్‌తో, ఒకసారి లేకుండా. ఏది ఎప్పుడో చెప్పకండి, రెండుసార్లూ వేర్వేరు పేర్లు చదవండి. “ఎలా ఉంది?” అని అడిగితే మర్యాదకు “బాగుంది” అంటారు. కాబట్టి ఏమి రాసుకున్నారో చదివి వినిపించమనండి.

సంకేతం బలంగా అందుతుంటే కంప్రెసర్ అవసరమే లేదు. మితిమీరి తిప్పితే మీ స్వరం చీలి పక్క ఫ్రీక్వెన్సీలలోకి పొంగుతుంది. అక్కడ ఎవరో ఒక బలహీనమైన పిలుపు కోసం చెవి ఒగ్గి కూర్చుని ఉండవచ్చు.

చేతిలో పట్టుకునే ఎఫ్‌ఎం వాకీటాకీలలో సాధారణంగా లోపలే హద్దు పెట్టి ఉంటుంది. అరిస్తే దూరం పెరగదు, మాట చెదురుతుంది. మైకును నోటికి నాలుగైదు సెంటీమీటర్ల ఎడంగా, కొంచెం పక్కకు పట్టుకుని, మామూలుగా మాట్లాడండి.