ఫస్ట్ గేర్‌లో ఎంత లాగుతాది?

చోడవరంలో మా షెడ్డుకి యమహా ఆర్15 వేసుకొచ్చే కుర్రాళ్ళు ముందు అడిగేది ఇదే: "అన్నా, ఫస్ట్ గేర్‌లో ఎంత లాగుతాది?" నలభై అంటాను. ఇంజన్ నిమిషానికి 10,000 చుట్లు తిరిగేటప్పుడు బండి గంటకు సుమారు 40 కిలోమీటర్లు పోతుంది. ఎర్ర గీత దాకా పీకితే ఇంకో నాలుగు. "ఇంతేనా!" అని ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఆ నలభైలోనే బండి పనితనమంతా ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇంజన్‌కీ వెనక చక్రానికీ మధ్య మూడు చోట్ల పళ్ళ చక్రాలు వేగాన్ని తగ్గిస్తాయి. క్లచ్ దగ్గర 3.04 రెట్లు, ఫస్ట్ గేర్ జతలో 2.83, చివర చైన్ స్పాకెట్ల దగ్గర 3.43. ముందు స్పాకెట్‌కి 14 పళ్ళు, వెనక దానికి 48. మూడూ గుణిస్తే 29.5. అంటే ఇంజన్ దాదాపు ముప్ఫై చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది, బండి రెండు మీటర్లు కదులుతుంది. తగ్గిన వేగం ఊరికే పోదు, బలమై చక్రానికి చేరుతుంది. ఇప్పటి ఆర్15 టార్క్, అంటే తిప్పే బలం, 14.2 న్యూటన్ మీటర్లు. రాపిడిలో పోయేది పక్కన పెడితే ఫస్ట్ గేర్‌లో చక్రం దగ్గర అది 400 దాటుతుంది. ఆరో గేర్‌లో 125 కూడా ఉండదు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు లోడుతో ఎత్తెక్కే ట్రాక్టర్‌ని చూసినవాళ్ళకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

చిక్కల్లా ఒకటే. స్ప్లెండర్ తన పూర్తి టార్క్‌ని 6,000 చుట్లకే ఇస్తుంది. ఆర్15కి 7,500 కావాలి. అందుకే కొత్తగా కొన్నవాళ్ళకి బండి ఎత్తుకునేటప్పుడు బలం చాలదనిపిస్తుంది. ఏం చేస్తారు? హాఫ్ క్లచ్ పట్టుకుని రేజ్ చేస్తారు. సంతరోజు ట్రాఫిక్‌లో ఆ గోల వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అలాంటి బండి క్లచ్ విప్పితే ఆయిల్ మాడిన వాసన గుప్పుమంటుంది. స్టీలు ప్లేట్లు మెరుపు పోయి నీలంగా, అక్కడక్కడా నల్ల మచ్చలతో ఉంటాయి. పక్కనున్న ఫ్రిక్షన్ ప్లేట్ల మీద పట్టు అరిగి గోటికి నున్నగా తగులుతుంది. కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, బండి కదలగానే క్లచ్ పూర్తిగా వదిలేస్తే ఆ సెట్టు ఏళ్ళ తరబడి వస్తుంది.

ఇంకొందరు పికప్ కోసం ముందు స్పాకెట్ 13 పళ్ళది వెయ్యమంటారు. పికప్ పెరిగేది నిజమే. కానీ ఫస్ట్ గేర్ నలభై కాస్తా 37కి దిగుతుంది, హైవే మీద ఇంజన్ ఎప్పుడూ ఎక్కువ చుట్లే తిరుగుతుంది. అనకాపల్లి, వైజాగ్ తిరిగేవాళ్ళకి నేను వద్దంటాను.

ఫస్ట్ గేర్ విలువ తెలిసేది మాడుగుల దాటి పాడేరు ఘాట్ ఎక్కేటప్పుడు. వెనక మనిషి కూర్చుని, మలుపులో వేగం 20కి పడిందనుకోండి. రెండో గేర్‌లో ఇంజన్ 3,300 చుట్ల దగ్గర గుడగుడమంటుంది. ఫస్ట్‌కి వేస్తే 5,000 అందుకుని శుభ్రంగా లాగుతుంది. అక్కడ సిగ్గుపడి రెండో గేర్‌లోనే ఈడ్చకండి.

దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. యాభైలో పోతూ ఫస్ట్ వేసి క్లచ్ వదిలితే చక్రమే ఇంజన్‌ని 12,500 దాకా తిప్పేస్తుంది. స్లిప్పర్ క్లచ్ ఉంది కదా అంటారు. అది కుదుపు తగ్గిస్తుందే తప్ప అన్నిటినీ కాయదు. ఇంజన్ చుట్లు హద్దు దాటకుండా చూసే లిమిటర్ పెట్రోలు ఆపగలదు, చక్రం వైపు నుంచి వచ్చే తిప్పుడిని ఆపలేదు. వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగే ప్రమాదం అక్కడే ఉంది. మూడు, రెండు దింపుకుంటూ బ్రేకుతో వేగం ఇరవైకి తెచ్చాకే ఫస్ట్ వెయ్యండి.