యెవరి పూచీ మీద? దళిత స్త్రీ వొంటరి ప్రయాణం

తెలుగులో స్త్రీల ప్రయాణం గురించి మాట్లాడినప్పుడల్లా ‘గడప’ అనే మాట ముందుకొస్తుంది. చలం ‘మైదానం’ (1927)లో రాజేశ్వరి బ్రాహ్మణ యిల్లు వొదిలి పోయిన దగ్గర్నించీ మన సాహిత్య విమర్శ ఆ గడప దగ్గరే కూచుని వుంది. (రాజేశ్వరి కూడా వొంటరిగా పోలేదు, అమీర్‌తో పోయింది. అది వేరే సంగతి.) మాలపల్లెలో, మాదిగవాడలో గడపకి అంత యెత్తు యెప్పుడూ లేదు. తెల్లారకముందే నాటుకో, కోతకో, మిరపకాయలు కొయ్యడానికో ఆడవాళ్లు వూరు దాటేవాళ్లు, యిప్పటికీ దాటుతున్నారు. దీన్ని చూపించి, దళిత స్త్రీకి తిరిగే స్వేచ్ఛ ముందునించీ వుందనీ, ఆమె మీద మగవాళ్ల పెత్తనం తక్కువనీ చెప్పేవాళ్లున్నారు. యీ మాటని కొంచెం విప్పి చూడాలి.

బయటికి పోవడం వేరు, వొంటరిగా పోవడం వేరు. కూలికి పోయేది ముఠా. ముఠాకి మేస్త్రీ వుంటాడు. ఆదోని, కోసిగి వైపు నించి గుంటూరు మిరప చేలకి వలస పోయే ఆడవాళ్లు మేస్త్రీ లెక్కలో భాగం. బయానా అతనే యిస్తాడు, బండి అతనే మాట్లాడతాడు, యెక్కడ దించాలో అతనికే తెలుసు. అట్లా కదిలినంత కాలం ఆమె యెంత దూరం పోయినా యెవరికీ అభ్యంతరం లేదు. అదే మనిషి తన పని మీద, తన సంచి పట్టుకుని వొంటరిగా బస్సెక్కితే ప్రశ్న మొదలవుతుంది. నువ్వు యెవరి మనిషివి అని అడిగితే చూపించాల్సిన జవాబునే యిక్కడ పూచీ అంటున్నాను.

పూచీ లేని ప్రయాణం యెట్లా వుంటుందో అంబేద్కర్ రాసిపెట్టాడు. ‘వీసా కోసం నిరీక్షణ’గా మనం చదివే రచనలో (పుస్తకంగా 1990లో వచ్చింది) 1901 నాటి సంగతి వుంది. తండ్రి దగ్గరికి బయల్దేరిన పిల్లలు మసూర్ స్టేషన్లో దిగారు. మంచి బట్టలు చూసి ఆదరంగా మాట్లాడిన స్టేషన్ మాస్టర్, మహర్లమని చెప్పగానే మొహం మార్చుకున్నాడు. బండివాళ్లు రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయి యిచ్చి, పిల్లలే బండి తోలుకుంటే బండివాడు పక్కన నడిచి వచ్చాడు. టికెట్టు స్టేషన్ దాకా తెచ్చింది. అక్కణ్ణించి కులం అడ్డం వచ్చింది. వాళ్లు మొగపిల్లలు. ఆడపిల్ల అయితే యీ ప్రశ్నకి యింకో ప్రశ్న తోడవుతుంది: వెంట యెవరూ రాలేదా?

మన దగ్గర ఆడపిల్లకి యిది బడితోనే మొదలు. అయిదు దాకా వాడలోనే. పై తరగతులకి పక్కూరు. ఆ దారి పెద్దకులాల వీధుల్లోంచి పోతుంది. పదో తరగతి దాకా ఆడపిల్లలకి ఆర్టీసీ ఉచిత పాసు వుంది, అది చిన్న సాయం కాదు. అయినా సమర్తాడిన పిల్లని ఆ దారిన యెవరు తీసుకుపోతారు, యెవరు తీసుకొస్తారు అనే దగ్గరే చాలా చదువులు ఆగుతాయి. హాస్టల్‌కి పంపిస్తే పూచీ వార్డెన్ చేతిలోకి పోతుంది. మా హాస్టల్లో దసరా సెలవులకి తండ్రో, మేనమామో వచ్చి రిజిస్టర్లో వేలిముద్ర వేస్తేగాని పిల్లని వొదిలేవాళ్లు కాదు. కోతల రోజుల్లో వచ్చే మనిషికి వొక రోజు కూలి పోతుంది. అమ్మానాన్నా యిద్దరూ వలస పోతే ఆ పిల్లకి సెలవు లేనట్టే. పక్కనే వున్న బాయ్స్ హాస్టల్ మొదటి రోజు మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేది.

పెళ్లయ్యాక పూచీ మొగుడిది. పుట్టింటికీ, కాన్పుకీ యెవరో వొకరు వెంట. దీని గురించి చెప్పడానికి కొత్తేమీ లేదు.

కొత్తది గల్ఫ్. రాయచోటి, రాజంపేట వైపు నించి, కోనసీమ, నరసాపురం వైపు నించి కువైట్‌కి యింటిపనికి పోయే ఆడవాళ్లలో మన వాడల వాళ్లు చాలామంది. అక్కడ వాళ్లని ‘ఖద్దామా’ అంటారు. మండల కేంద్రానికి కూడా వొంటరిగా పోనివ్వని కుటుంబం అదే మనిషిని విమానం యెక్కిస్తుంది. అప్పు వుంది కాబట్టి. యిక్కడ వయసు కాగితం సంగతవుతుంది. 1983 నాటి వలస చట్టం కింద, పది పాసు కాని వాళ్లు కువైట్ లాంటి దేశాలకి పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. యింటిపనికి పోయే స్త్రీకి ఆ అనుమతి 30 యేళ్లు నిండితేనే అన్నారు. 2016లో ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలన్నారు. నర్సుల్ని పక్కన పెడితే, పది పాసయిన 22 యేళ్ల పిల్లకి యీ తనిఖీ లేదు. అంటే రాజ్యం స్త్రీలందరినీ కాపాడ్డం లేదు, చదువు ఆగిపోయిన స్త్రీని ఆపుతోంది. దారి భయంతో బడి మానిన పిల్లే యిప్పుడు ఆ దారి మూసుకుపోయి నిలబడుతుంది.

ఆపితే ఆగుతుందా? ఆగదు. ఏజెంటు వయసు పెంచి పాస్‌పోర్టు చేయిస్తాడు, లేకపోతే విజిట్ వీసా మీద ముందు దుబాయ్‌కి పంపుతాడు. అనుమతి లేకుండా పోయింది కాబట్టి అక్కడ కష్టమొస్తే చెప్పుకోవడానికి ఆమెకి కాగితబలం వుండదు. పూచీ ఏజెంటు నించి కఫీల్‌కి, అంటే అక్కడి యజమానికి, చేతులు మారుతుంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కువైట్ 2015లో యింటిపనివాళ్ల చట్టంలోనే రాసుకుంది. అయినా పెట్టుకునేవాళ్లు పెట్టుకుంటూనే వున్నారు. కొట్టినా, జీతం యివ్వకపోయినా ఆ యింటి తలుపు తీసుకుని బయటికొస్తే ఆమె ‘పరారీ’ మనిషి. 2018లోనూ 2024లోనూ కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు తిరిగొచ్చిన వాళ్లలో యిట్లాంటి ఖద్దామాలున్నారు. ‘కాపాడ్డానికి’ పెట్టిన వయసు నియమం ఆమెని యింకా వొంటరిని చేసింది. నియమం యెత్తేస్తే చాలనడం లేదు. ఏజెంటుని వొదిలేసి ఆమెని ఆపడం రక్షణ కాదంటున్నాను.

ముసలితనంలో లెక్క మళ్లీ తిరుగుతుంది. మా అమ్మకి ఆధార్‌లో పుట్టిన రోజు జనవరి 1. వాడలో ఆమె యీడు వాళ్లలో సగం మందికి అదే. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛనుకి 2019 నించీ 60 యేళ్లు చాలు, కానీ ఆ అరవై కార్డులో నిండాలి. గల్ఫ్ పోవడానికి వయసు పెంచి రాసిన చేతులు పింఛను దగ్గర కనపడవు.

ఆధార్ కార్డుతోనే యింకొకటి కూడా వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నించి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నించి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. ఎగతాళి చేసేవాళ్లు వెంటనే తయారయ్యారు: పనీ పాటా లేకుండా తిరుగుతున్నారని. ముఠాగా లారీల్లో నిలబడి పోతే యీ మాట యెవరూ అనలేదు. కూతుర్ని చూడ్డానికో, కంటాసుపత్రికో, వూరికేనో వొక ముసలామె వొంటరిగా కిటికీ పక్కన కూచుంటే అంటున్నారు. కండక్టర్ కార్డు చూస్తాడు, టికెట్ కొడతాడు. యెందుకు పోతున్నావని అడగాల్సిన అవసరం అతనికి లేదు. నా లెక్కలో యీ పథకం విలువ చార్జీ డబ్బుల కంటే యిక్కడే యెక్కువ.

అయితే బస్సు వూరి సెంటర్ దాకానే వస్తుంది. పల్లెకి ఆటో. ఆటోకి జీరో టికెట్ లేదు, కార్డు అక్కర్లేదు. పక్కన కూచున్నామె ముందు యే వూరని అడుగుతుంది. తర్వాత “మీరేవిట్లమ్మా?” అంటుంది. జవాబు విని కొందరు సంచి వొళ్లోకి తీసుకుంటారు, కొందరు కొంచెం జరిగి చోటిస్తారు. ఆటో లేని వేళ మిగతా దూరం నడకే.