సముద్రము లేని ఊరిలో సముద్రపు చేప

గాజుతొట్టిలో చేపలను పెంచవలెనని బాలబాలికలకు సహజముగా కోరిక కలుగును. సాధారణముగా మనము పెంచునవి మంచినీటి చేపలు. సముద్రపు చేపను ఇంట పెంచుట వేరొక విద్య. మన కుంభారినుండి ఏ దిక్కునకు పోయినను సముద్రము దగ్గరలో లేదు. అయినను శ్రద్ధ గలవారు ఇచ్చట కూడ పెంచదగిన చిన్న చేప యొకటి కలదు. దాని పేరు గోబీ.

గోబీలది పెద్ద కుటుంబము. మన తెలుగు జాలరులు ఇసుకదొందు అని పిలుచు చేప ఇందులోనిదే. గోదావరి సముద్రమున కలియుచోట, కోరంగి మడ అడవుల బురదలో గంతులు వేయు చేపలును వీనికి దగ్గరి బంధువులే. ప్యాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున చేపలను సేకరించి, చిత్తరువులతో 1803లో లండనున గ్రంథము ప్రకటించెను. అందు పెక్కు చేపలకు తెలుగు పేర్లే కనబడును.

తొట్టిలో పెంచుటకు తగినది పసుపుపచ్చని రొయ్యగోబీ. దీని నిడివి సుమారు నాలుగంగుళములు. ఇది పడమటి పసిఫిక్ మహాసముద్రమున ఇసుక బొరియలలో నివసించును. వింత యేమనగా, ఆ బొరియను ముఖ్యముగా త్రవ్వునది చేప కాదు, ఒక రొయ్య. పట్టుకారువంటి తన పెద్ద చేతిని అది మూసినప్పుడు చిటిక వేసినట్లు చప్పుడగును. కనుక మనము దానిని చిటికరొయ్య యనవచ్చును. దానికి చూపు మందము. అది ఇసుకను బయటికి నెట్టుచుండగా చేప వాకిట కాపలా కాయును. రొయ్య తన మీసమును చేప ఒంటికి ఆనించియుంచును. శత్రువు కనబడగానే చేప తోక నాడించును. మగ్గముపై పోగు తెగిన సంగతి నేతగాని వ్రేలికి తెలిసినట్లు, ఆ కదలిక మీసము ద్వారా రొయ్యకు తెలియును. వెంటనే అది లోనికి పోవును. అపాయము సమీపించినచో చేపయు దూరును.

ఇట్టి జంటను తెచ్చుటకు ముందు ఇల్లు సిద్ధపరుపవలెను. సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. వానిలో వంట ఉప్పేకాక మెగ్నీసియము, కాల్షియము మొదలగువాని లవణములును కలవు. కావున వంట ఉప్పు కలిపిన నీరు పనికిరాదు. చేపలతొట్టికై అమ్ము లవణ మిశ్రమమును క్లోరిన్ లేని శుద్ధజలమున కలుపవలెను. 80 లీటర్ల నీటికి సుమారు 2,800 గ్రాములు పట్టును.

రాళ్ళను తొట్టి అడుగుననే ఆనించి, ఆ పిమ్మట నాలుగంగుళముల మందమున ఇసుకను, పగడపు ముక్కలను పోయవలెను. రాళ్ళను ఇసుకపై నిలిపినచో, రొయ్య క్రింద త్రవ్వగా అవి కూలి జంటను నలిపివేయును.

చేప విసర్జించు అమ్మోనియా విషము. దానిని తక్కువ హానిగల నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులు ఇసుకలో, రాళ్ళలో వృద్ధి పొందుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అంతవరకు వాని పోషణకై చిటికెడు చేపమేత వేయుచు, చేపను తేక ఓపిక పట్టవలెను. పడుగు సిద్ధము కాకుండ నాడె ఆడదు గదా!

ఇక మన వేసవి. ఇచ్చట ఎండ 40 డిగ్రీలు దాటును. గోబీకి 24 నుండి 27 డిగ్రీలు హితము. నీరు వేడెక్కిన కొలది అందలి ప్రాణవాయువు తగ్గును. తొట్టిని కిటికీ ఎండకు దూరముగా నుంచి, పంకా గాలితో నీటిని చల్లబరుపవలెను. ఆవిరియగునది నీరే కాని ఉప్పు కాదు. కావున తగ్గినమేరకు మంచినీరే పోయవలెను. ఉప్పునీరు పోసినచో ఉప్పదనము నానాటికి పెరిగి ప్రాణహాని కలుగును. గోబీ బెదరినచో బయటికి దుముకును. సన్నని వలమూత తప్పనిసరి. రాగి కలిసిన మందులు రొయ్యకు విషము, వానిని వాడరాదు.

దీనికి ఖర్చు కలదు, విద్యుత్తు కావలెను. రేకుల కప్పు క్రింద, కరెంటు తరచు పోవు ఇంట, నీటిని చల్లగా నుంచుటకు వీలులేనిచో ఈ చేపను తేకుండుటయే దయ. అంతకంటె పదిమంది విద్యార్థులు కూడి పాఠశాలలో ఒక్క తొట్టిని పోషించుట మేలు. దినమునకొకరు నీటి వేడిని, ఉప్పదనమును కొలిచి పుస్తకమున వ్రాయవలెను. సెలవులలో ఎవరు చూతురో ముందే నిర్ణయించుకొనవలెను. ఆ పట్టిక నిండిన పిమ్మటనే చేపను తేవలెను.